సెంట్రల్ ఏసీ (గృహ వినియోగం)

సెంట్రల్ ఏసీ లేదా కేంద్రీయ ఎయిర్ కండీషనర్ అనగా ఇల్లంతటినీ ఒకే యంత్రంతో చల్లబరచి, ఆ చల్లని గాలిని గొట్టాల ద్వారా ప్రతి గదికీ చేరవేసే ఏర్పాటు. ఈ గాలి గొట్టాలను డక్టులు అంటారు. గృహాలలో ఈ పద్ధతి ఎక్కువగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కనిపిస్తుంది. ఆ దేశ ఇంధన సమాచార సంస్థ 2020 సంవత్సరానికి జరిపిన సర్వే ప్రకారం దాదాపు మూడింట రెండు వంతుల కుటుంబాలు సెంట్రల్ ఏసీని గాని, అదే విధంగా పనిచేసే హీట్ పంపును గాని ప్రధాన శీతలీకరణ సాధనంగా వాడుతున్నాయి.

వేల డాలర్ల ఖర్చుతో కూడిన ఈ యంత్రాన్ని ఒక కుటుంబం సుమారు పదిహేనేళ్ళకు ఒకసారి కొంటుంది. పాత యంత్రం నడివేసవిలో ఆగిపోయినప్పుడు తొందరపడి కొనడం కూడా సాధారణమే. తక్కువ ఖర్చులో ఎంపిక చేసుకోదలచినవారు ముందుగా యంత్రం వెలను చూస్తారు. అయితే మొత్తం ఖర్చును, ఇంటిలోని సుఖాన్ని నిర్ణయించేవి ప్రధానంగా మూడు: ఇంటికి తగిన పరిమాణం, డక్టుల స్థితి, అమర్చే పనివారి నైపుణ్యం.

చరిత్ర

ఆధునిక ఎయిర్ కండీషనింగుకు ఆద్యుడు విల్లిస్ క్యారియర్. 1902లో న్యూయార్క్ నగరపు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం ఆయన దీనిని రూపొందించాడు. గాలిలోని తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, కుంచించుకుపోయి రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడేవి కావు. అందుచేత ఆ యంత్రం ముఖ్యోద్దేశం తేమను అదుపు చేయడమే. 1914లో మినియాపొలిస్‌లోని ఛార్లెస్ గేట్స్ భవనంలో అమర్చినది నివాస గృహంలో తొలి ఎయిర్ కండీషనర్‌గా పేరుపొందింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత గృహాలలో వీటి వాడకం విస్తరించింది. చలికాలంలో వెచ్చని గాలిని పంపే ఫర్నేసుల కోసం అనేక ఇళ్ళలో అప్పటికే డక్టులు ఉండడం, కొయ్య చట్రంతో కట్టిన గోడలలోను అటకలలోను వాటికి చోటు దొరకడం ఇందుకు తోడ్పడ్డాయి.

పనిచేసే విధానం

ఇంటి బయట ఉండే భాగంలో కంప్రెసర్, కండెన్సర్ కాయిల్, ఫ్యాను ఉంటాయి. ఇంటి లోపల ఫర్నేసుకు జతగా గాని, విడిగా ఒక పెట్టెలో గాని ఎవాపొరేటర్ కాయిల్ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే రాగి గొట్టాలలో రిఫ్రిజిరెంటు అనే శీతలీకరణ పదార్థం ప్రవహిస్తుంది. ఇది లోపలి కాయిల్‌లో ఆవిరిగా మారుతూ ఇంటి గాలి నుండి వేడిని గ్రహిస్తుంది. బయటి కాయిల్‌లో తిరిగి ద్రవంగా మారుతూ ఆ వేడిని వదిలివేస్తుంది. లోపలి కాయిల్‌ను తాకిన గాలిలోని తేమ నీటి బిందువులుగా మారి, కింది పళ్ళెంలో పడి గొట్టం ద్వారా బయటకు పోతుంది. కాబట్టి ఏసీ చేసే పనులు రెండు: గాలిని చల్లబరచడం, తేమను తీయడం.

సామర్థ్యం, టన్ను

ఏసీ సామర్థ్యాన్ని టన్నులలో చెబుతారు. ఇది యంత్రం బరువు కాదు. 2,000 పౌండ్ల మంచు 24 గంటలలో పూర్తిగా కరగడానికి ఎంత వేడిని గ్రహిస్తుందో, అంత వేడిని అంతే సమయంలో తొలగించగల సామర్థ్యమే ఒక టన్ను. ఇది గంటకు 12,000 బి.టి.యు.లకు, అనగా సుమారు 3.5 కిలోవాట్లకు సమానం. గృహాలకు సాధారణంగా ఒకటిన్నర నుండి ఐదు టన్నుల యంత్రాలు లభిస్తాయి.

ఇన్ని చదరపుటడుగులకు ఒక టన్ను అనే మోటు లెక్క వాడుకలో ఉన్నది గాని, అది నమ్మదగినది కాదు. ఒకే వైశాల్యం గల రెండు ఇళ్ళలో ఒకదానికి పడమటి ఎండ తగిలే పెద్ద కిటికీలు, మరొకదానికి చెట్ల నీడ, అటకలో మందమైన ఇన్సులేషన్ ఉంటే వాటి అవసరాలు చాలా తేడాగా ఉంటాయి. అమెరికా ఎయిర్ కండీషనింగ్ కాంట్రాక్టర్ల సంఘం రూపొందించిన మాన్యువల్ జె అనే పద్ధతిలో ఊరి వాతావరణం, గోడలు, కిటికీలు, పైకప్పు, గాలి చొరబడే సందులు, నివసించేవారి సంఖ్య మొదలైనవాటిని లెక్కలోకి తీసుకుంటారు. పాత యంత్రం ఎన్ని టన్నులైతే కొత్తదీ అంతే పెట్టడం సరికాదు. పాతది మొదటి నుండే పెద్దది కావచ్చు. లేదా తరువాతి కాలంలో కిటికీలు, ఇన్సులేషన్ మారి ఇంటి అవసరం తగ్గి ఉండవచ్చు.

పరిమాణం ఎక్కువైతే

పెద్ద యంత్రం కొంటే మేలనే భావన విస్తృతంగా ఉన్నది. అవసరానికి మించిన యంత్రం ఇంటిని కొద్ది నిమిషాలలోనే కోరిన ఉష్ణోగ్రతకు తెచ్చి ఆగిపోతుంది. మరికొంత సేపటికి తిరిగి మొదలవుతుంది. కాయిల్ చల్లబడి, దానిపై చేరిన నీరు కిందికి జారి బయటకు పోవడానికి కొంత సమయం పడుతుంది. అంతలోనే యంత్రం ఆగితే కాయిల్‌పై నిలిచిన తేమ కొంత తిరిగి గాలిలో కలుస్తుంది. ఫలితంగా ఇల్లు చల్లగా ఉన్నా ఒళ్ళు జిడ్డుగా ఉంటుంది, ఇంట్లోవారు థర్మోస్టాటును ఇంకా తగ్గిస్తారు, బిల్లు పెరుగుతుంది. తేమ నిలిచిన చోట బూజు పట్టే అవకాశం కూడా ఉంటుంది. మాటిమాటికీ మొదలై ఆగడం వలన కంప్రెసర్ త్వరగా అరిగిపోతుంది. ఈ విధంగా ఎక్కువ డబ్బు పెట్టి కొన్న పెద్ద యంత్రం తక్కువ సుఖాన్ని ఇస్తుంది.

మరీ చిన్న యంత్రం తీవ్రమైన ఎండలలో కోరిన ఉష్ణోగ్రతను నిలపలేదు. అయితే సరైన పరిమాణం గల యంత్రం కూడా మిక్కిలి వేడిగా ఉన్న మధ్యాహ్నం దాదాపు ఆగకుండా నడుస్తుంది. దానిని లోపంగా భావించనవసరం లేదు.

సీర్ సంఖ్య

ఒక వేసవి కాలంలో తొలగించిన మొత్తం వేడిని బి.టి.యు.లలో తీసుకొని, అందుకు ఖర్చయిన విద్యుత్తుతో, అనగా వాట్-గంటలతో, భాగించగా వచ్చే సంఖ్యను సీర్ అంటారు. సంఖ్య పెరిగే కొద్దీ విద్యుత్ ఖర్చు తగ్గుతుంది. 2023 జనవరి నుండి, డక్టులలో గాలికి ఎదురయ్యే నిరోధాన్ని వాస్తవానికి దగ్గరగా పరిగణించే కొత్త పరీక్షా విధానం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఇచ్చే సంఖ్యను సీర్2 అంటారు. అదే యంత్రానికి సీర్2 సంఖ్య సీర్ కంటే కొద్దిగా తక్కువగా ఉంటుంది కాబట్టి ఒక యంత్రపు సీర్‌ను మరొక యంత్రపు సీర్2తో పోల్చరాదు.

గంటకు 45,000 బి.టి.యు.ల లోపు సామర్థ్యం గల స్ప్లిట్ సెంట్రల్ ఏసీలకు 2023 నుండి ఉత్తరాది రాష్ట్రాలలో కనీసం 13.4, ఆగ్నేయ మరియు నైరుతి రాష్ట్రాలలో కనీసం 14.3 సీర్2 ఉండాలి. టెక్సాస్, జార్జియా, ఫ్లోరిడా ఆగ్నేయ విభాగంలోకి, అరిజోనా, కాలిఫోర్నియా నైరుతి విభాగంలోకి వస్తాయి.

ఎక్కువ సీర్ ఎప్పుడు లాభం?

మూడు టన్నుల యంత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. గంటకు 36,000 బి.టి.యు.లను 14.3తో భాగిస్తే సుమారు 2,517 వాట్లు, 17తో భాగిస్తే సుమారు 2,118 వాట్లు వస్తాయి. అనగా పూర్తి సామర్థ్యంతో నడిచే ప్రతి గంటకు తేడా సుమారు 400 వాట్లు.

• వేసవి తక్కువగా ఉండే చోట ఏడాదికి 1,500 గంటలు నడిస్తే సుమారు 600 యూనిట్లు ఆదా అవుతాయి. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే ఇది 90 డాలర్లు.
• వేసవి ఎక్కువగా ఉండే చోట 2,500 గంటలు నడిస్తే సుమారు 1,000 యూనిట్లు, అనగా 150 డాలర్లు ఆదా అవుతాయి.

రెండు యంత్రాల వెలలో తేడా 1,500 డాలర్లు అనుకుంటే, మొదటి చోట అది తిరిగి రావడానికి పదహారేళ్ళకు పైగా, రెండవ చోట పదేళ్ళు పడుతుంది. యంత్రం ఆయుర్దాయం సుమారు పదిహేనేళ్ళు కాబట్టి మొదటి ఇంటికి కనీస ప్రమాణం గల యంత్రమే చవక. ఐదారేళ్ళలో ఇల్లు అమ్మదలచినవారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఎవరికి వారు తమ విద్యుత్ బిల్లులోని ధరతో ఈ లెక్కను సరిచూసుకోవచ్చు.

కంప్రెసర్లలో ఒకే వేగంతో నడిచేవి, రెండు అంచెలవి, వేగం మారుతూ ఉండేవి అని మూడు రకాలున్నాయి. చివరి రకం తేమను బాగా తీస్తుంది, శబ్దం తక్కువ. కాని వెల, మరమ్మతు ఖర్చు ఎక్కువ. పరిమిత వ్యయంతో కొనేవారికి సరైన పరిమాణం గల ఒకే వేగపు యంత్రం చాలావరకు సరిపోతుంది.

డక్టులు

సాధారణ గృహాలలో డక్టుల గుండా పోయే గాలిలో 20 నుండి 30 శాతం వరకు సందులు, వదులైన అతుకుల వలన వృథా అవుతుందని అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం పేర్కొంటున్నది. డక్టులు వేడెక్కిన అటకలో ఉంటే ఈ నష్టం మరింత బాధిస్తుంది. అటువంటి ఇంట్లో ఎక్కువ సీర్ యంత్రం పెట్టడం చిల్లు కుండలో నీరు పోయడం వంటిది. అతుకులకు మాస్టిక్ అనే జిగురు లేపనం పూయడం, అటకలోని డక్టులకు ఇన్సులేషన్ చుట్టడం కొత్త యంత్రంతో పోలిస్తే తక్కువ ఖర్చుతో అయ్యే పనులు.

ఒక్కొక్క టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కాయిల్ మీదుగా పోవాలి. డక్టులు ఇరుకైతే గాలి తగ్గి కాయిల్‌పై మంచు పేరుకుంటుంది. గదికొక ఏసీ వాడిన అలవాటున్నవారు వాడని గదులలోని గాలి రంధ్రాలను మూసివేస్తే ఆదా అవుతుందని భావిస్తారు. సెంట్రల్ ఏసీలో ఇది ఆదా కాదు. ఒకే వేగపు యంత్రం శక్తి అంతే ఉంటుంది. అనేక రంధ్రాలు మూస్తే డక్టులలో ఒత్తిడి పెరిగి సందుల గుండా గాలి మరింత కారిపోతుంది.

రిఫ్రిజిరెంటు

ఓజోన్ పొరకు హాని చేసే ఆర్-22 ఉత్పత్తి, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1 నుండి నిషేధించబడ్డాయి. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయదు గాని భూతాపాన్ని అధికంగా పెంచుతుంది. అందుచేత దానితో పనిచేసే కొత్త గృహ ఏసీల తయారీపై 2025 జనవరి 1 నుండి ఆంక్షలు అమలులోకి వచ్చాయి. ప్రస్తుతం తయారయ్యే కొత్త యంత్రాలలో ఆర్-454బి లేదా ఆర్-32 ఉంటుంది. ఈ రెండింటికీ స్వల్పంగా మండే గుణం ఉన్నది కాబట్టి వీటికి ప్రత్యేక భద్రతా నియమాలు వర్తిస్తాయి. ఒక రిఫ్రిజిరెంటు కోసం చేసిన యంత్రంలో మరొకటి నింపరాదు.

మరమ్మతా, మార్పిడా?

ఏసీ ఆగిపోయిన ప్రతిసారీ యంత్రం మార్చనవసరం లేదు. కెపాసిటర్ అనే చిన్న విడిభాగం చెడిపోవడం, నీటి గొట్టం పూడుకుపోవడం, ఫిల్టరు దుమ్ముతో నిండడం తరచుగా ఎదురయ్యే కారణాలు. ఇవి తక్కువ ఖర్చుతో సరిచేయగలిగినవి. కంప్రెసర్ పాడైన పాత యంత్రం, రిఫ్రిజిరెంటు కారుతున్న ఆర్-22 యంత్రం అయితే మార్చడం మేలు. పెద్ద ఖర్చు చెప్పినప్పుడు మరొక పనివాని అభిప్రాయం తీసుకోవడం ఉత్తమం.

కొటేషన్లలో చూడవలసినవి

ఒకే తయారీదారు పలు పేర్లతో యంత్రాలను అమ్మడం సాధారణం. ఉదాహరణకు బ్రయంట్, పేన్ అనేవి క్యారియర్ సంస్థవి. గుడ్‌మాన్ 2012లో డైకిన్ సంస్థ అధీనంలోకి వచ్చింది. కాబట్టి పేరు కంటే అమరికకు ఎక్కువ ప్రాధాన్యమివ్వాలి. వసంతంలో లేదా శరదృతువులో, రద్దీ లేని సమయంలో, కనీసం ముగ్గురు కాంట్రాక్టర్ల నుండి రాతపూర్వక కొటేషన్లు తీసుకోవచ్చు. వాటిలో ఈ క్రింది విషయాలు ఉండాలి:

• మాన్యువల్ జె లెక్క ప్రతి.
• బయటి, లోపలి భాగాల మోడల్ సంఖ్యలు, వాటి జతకు ఏ.హెచ్.ఆర్.ఐ. ధ్రువీకరణ సంఖ్య. బయటి భాగం మాత్రమే మార్చి పాత కాయిల్‌ను ఉంచితే ప్రకటించిన సీర్ రాకపోవచ్చు.
• డక్టుల పరీక్ష, అవసరమైన మరమ్మతుల వివరాలు.
• స్థానిక ప్రభుత్వ అనుమతి, తనిఖీ రుసుములు ఎవరు చెల్లిస్తారన్నది.
• విడిభాగాలకు, కూలికి వేర్వేరుగా వారంటీ. అనేక సంస్థలు గడువులోగా నమోదు చేసుకుంటేనే విడిభాగాలకు పూర్తి వారంటీ ఇస్తాయి.

రిఫ్రిజిరెంటుతో పనిచేసేవారికి పర్యావరణ పరిరక్షణ సంస్థ నిబంధనల ప్రకారం ధ్రువపత్రం తప్పనిసరి. ఎక్కువ సామర్థ్యం గల ఏసీలకు లభించిన సమాఖ్య పన్ను రాయితీ 2025 డిసెంబరు 31 తరువాత అమర్చిన వాటికి వర్తించదు. కొన్ని విద్యుత్ సంస్థలు విడిగా రాయితీలు ఇస్తాయి.

భారతదేశంలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఇళ్ళు ఎక్కువగా ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబుతో కట్టినవి కావడం వలన డక్టులకు చోటుండదు. గదికొక స్ప్లిట్ ఏసీ పెట్టుకొని, వాడే గదినే చల్లబరచుకోవడం ఇక్కడి పద్ధతి. టన్ను అనే కొలత రెండు దేశాలలోనూ ఒకటే. భారతదేశంలో స్టార్ గుర్తుకు ఆధారమైన ఐసీర్ సంఖ్యను మాత్రం వాట్‌కు వాట్ చొప్పున లెక్కిస్తారు. పరీక్షా విధానం కూడా వేరు. కాబట్టి ఐసీర్ 5 గల యంత్రం సీర్ 14 గల యంత్రం కంటే నాసిరకమని భావించరాదు. అవసరానికి మించిన టన్నులు కొంటే తేమ నిలిచిపోయే సమస్య ఇక్కడి ఒకే వేగపు ఏసీలకూ వర్తిస్తుంది. తీర ప్రాంతపు ఉక్కపోతలో ఇది మరింతగా తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

• ఎయిర్ కండీషనర్
• రిఫ్రిజిరేటర్
• ఓజోన్ పొర