రాకు మృత్పాత్రలు

రాకు అనేది జపాను దేశమున పుట్టిన మట్టిపాత్రల తయారీ విధానము. పాత్ర ఎర్రగా కాలి ఉండగానే దానిని పట్టకారుతో కొలిమినుండి బయటకు తీయుట దీని ప్రధాన లక్షణము. జపనీయ భాషలో ఈ పదమునకు సుఖము, ఆనందము అని అర్థము.

చరిత్ర

16వ శతాబ్దములో క్యోటో నగరమున చోజిరో అను శిల్పి, తేనీటి గురువు సెన్ నో రిక్యూ (1522-1591) అభిరుచికి అనుగుణముగా చేతితో మలచిన గిన్నెలను తయారు చేసెను. ఆ వంశమువారు నేటికీ ఈ వృత్తిలోనే ఉన్నారు. ఆంగ్ల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ 1911లో టోక్యోలో దీనిని చూసి, తరువాత పాశ్చాత్యులకు పరిచయము చేసెను. 1960లో అమెరికాకు చెందిన పాల్ సోల్డ్నర్, వేడి పాత్రను ఆకులు, రంపపు పొట్టు వంటివాటిలో పొగబెట్టు పద్ధతిని ప్రవేశపెట్టెను. నేటి స్టూడియో రాకు ఎక్కువగా ఈ పద్ధతిలోనిదే. జపాను సాంప్రదాయములో ఈ పొగబెట్టుట లేదు.

తయారీ

హఠాత్తుగా చల్లారినను పగలకుండుటకు మట్టిలో కాల్చి నూరిన మట్టిపొడిని కలుపుతారు. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద గాజుపూత కరిగిన పిదప పాత్రను తీసి, పొట్టు ఉన్న ఇనుప డ్రమ్ములో ఉంచి మూత వేస్తారు. పొట్టు మండుటచే లోపలి ప్రాణవాయువు తగ్గి, పూతలేని మట్టి బొగ్గుపొగను పీల్చి నల్లబడును. పూతలోని రాగి లోహపు మెరుపును పొందును.

గుర్తించు విధము

* పూత లేని అడుగుభాగము నలుపు లేక ముదురు బూడిద రంగులో ఉండును.
* పూతపై నెర్రెలు ఉండి, వాటిలో మసి నల్లని గీతలుగా కనిపించును.
* మీటినచో మందమైన ధ్వని వచ్చును. పింగాణీవలె ఖంగుమనదు.
* పూతలేని చోట వేసిన నీటిచుక్క త్వరగా ఇంకిపోవును.
* కొన్నిటిపై పట్టకారు గుర్తులు ఉండును.

వీటిలో ఏ ఒక్క లక్షణమూ చాలదు. మామూలు పాత్రల నెర్రెలలో సిరా పట్టించి రాకువలె చూపుట సాధ్యమే. అట్టివాటి అడుగు సాధారణముగా తెల్లగానో ఎర్రగానో మిగులును. కావున కొనువారు ముందుగా అడుగుభాగమును పరిశీలించుట మంచిది.

తెలుగునాట పోలిక

తెలంగాణలోని ఇనుపయుగపు సమాధులలో లభించిన నలుపు-ఎరుపు పాత్రలు రాకు కావు. అయినను గాలి తగ్గిన చోట మట్టి నలుపెక్కుట, గాలి తగిలిన చోట ఎరుపెక్కుట అను సూత్రము రెండింటికీ ఒక్కటే. కుమ్మరులు ఆవమును మూసి పొగబెట్టి నల్లకుండలు చేయుటయు ఇట్టిదే.

జాగ్రత్తలు

రాకు పాత్రలు నీటిని పీల్చును. కొన్ని పూతలలో సీసము ఉండవచ్చును. అందుచేత పొగబెట్టిన స్టూడియో రాకును అలంకరణకు మాత్రమే వాడుట క్షేమము. రాగి మెరుపు కాలక్రమమున మాసిపోవచ్చును గనుక ఎండకు, తేమకు దూరముగా ఉంచవలెను.