ఎర్ర బింబం కింద ఐదు వలయాలు

1964 అక్టోబరు 10న టోక్యో ఒలింపిక్స్ మొదలయ్యాయి. ఆ తేదీ మీద జపాన్ ప్రభుత్వం 1966 నుంచి క్రీడల సెలవు కూడా ఇచ్చింది. ఆ ఆటల్లో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా మనసు మాత్రం ఆటలకు మూడేళ్ల ముందే జపాన్ గోడలెక్కిన ఒక పోస్టరు దగ్గరే ఆగిపోతుంది. క్రీడల పోస్టర్లలో దాన్ని మించింది ఇప్పటికీ రాలేదని నా నమ్మకం.

ఆటలకు బొమ్మ తోడవడం చాలా పాత సంగతి. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో ఏథెన్స్ పోటీల విజేతలకు ఆలివ్ నూనె నింపిన కుండలు బహుమతిగా ఇచ్చేవారు. కుండకు ఒకపక్క ఎథీనా దేవత, రెండోపక్క పరుగో కుస్తీయో రథాల పందెమో ఉండేది. క్రీస్తుశకం 79లో బూడిద కింద పూడిపోయిన పాంపేయి నగరంలో గోడల మీద రాసిన ప్రకటనలు బయటపడ్డాయి. ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఎన్ని జతల గ్లాడియేటర్లు తలపడతారు, ఏ రోజున... అన్నీ వాటిలో ఉన్నాయి. ఎండ తగలకుండా గుడ్డ పందిరి వేయిస్తామన్న హామీ కూడా ఉంది! అక్కడి నుంచి 1860ల పారిస్‌కు ఒక్క గంతు వేయాల్సిందే. జూల్ షెరే రాతి అచ్చు మీద రంగుల పోస్టర్లు తీయడం మొదలెట్టాక వీధి గోడలకు కొత్త కళ వచ్చింది.

ఒలింపిక్స్ తొలి అధికారిక పోస్టరు 1912 స్టాక్‌హోంది. ఓలె యోర్ట్స్‌బెర్గ్ గీశాడు. దిగంబరులైన యువకులు దేశాల జెండాలు తిప్పుతుంటే, చూపించకూడని చోట ఒక రిబ్బను వచ్చి అడ్డుపడుతుంది. 16 భాషల్లో అచ్చేసి ప్రపంచమంతా పంపారు. చైనాలో మాత్రం, తమ మర్యాదకు తగదంటూ ప్రదర్శన ఆపించారు. 1936 బెర్లిన్ పోస్టరులో బ్రాండెన్‌బర్గ్ ద్వారం మీది నాలుగు గుర్రాల రథం, దాని వెనక ఆకాశమంత వీరుడు. ఆ బొమ్మలోని దర్పం ఏ పాలకులదో వేరే చెప్పక్కర్లేదు. 1948లో, యుద్ధం దెబ్బ నుంచి ఇంకా తేరుకోని లండన్, తన పార్లమెంటు గడియారంలో ముళ్లను 4 గంటల దగ్గర నిలిపింది. ఆటలు ప్రారంభమయ్యే వేళ అది.

ఇక టోక్యో.

ఈ నగరానికి 1940లోనే ఒలింపిక్స్ రావాల్సింది. చైనాతో యుద్ధంలో దిగిన జపాన్ 1938లో ఆ అవకాశాన్ని తానే వదులుకుంది. 1945 మార్చిలో ఒక్క రాత్రి అమెరికా విమానాలు కురిపించిన నిప్పుకు టోక్యోలో దాదాపు లక్ష మంది చనిపోయారు. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం ఏలుబడిలో, తెల్ల గుడ్డ మీద ఎర్ర బింబమున్న తమ జెండాను స్వేచ్ఛగా ఎగరేసుకునే వీలు కూడా జపాన్ జనానికి 1949 దాకా లేదు. ఆసియాలో సగం దేశాలు ఆ బింబాన్ని ఆక్రమించుకోవడానికొచ్చిన సైన్యాల చేతుల్లో చూశాయి. జపాన్‌లోనే ఎంతోమందికి అది కొడుకుల్ని సాగనంపిన రోజుల్ని గుర్తుచేసేది.

1960లో ఒలింపిక్ చిహ్నం కోసం ఆరుగురు డిజైనర్లను పోటీకి పిలిచారు. అందులో యుసాకు కమెకురా ఒకడు. 1915లో పుట్టినవాడు. యుద్ధం రోజుల్లో, జపాన్ గొప్పను విదేశాలకు చాటే 'నిప్పాన్' పత్రికకు పేజీలు తీర్చిదిద్దినవాడు. గడువు సంగతి మరిచిపోతే ఫోను చేసి అడిగారని, అప్పటికప్పుడు కూర్చుని గంటల్లో గీసిచ్చాడని చెబుతారు. గీసింది ఆ బింబాన్నే!

ఆ చిహ్నమే పోస్టరు కూడా అయింది. ఆ పోస్టరును ఒక్కసారి దగ్గరగా చూడండి. జెండాలో బింబం నడిమధ్య ఒదిగి ఉంటుంది, చుట్టూ తెలుపు ఎక్కువ. కమెకురా దాన్ని కాగితం పైభాగానికి జరిపి, అంచులను ఒరుసుకునేంతగా పెంచాడు. దాని కింద బంగారు రంగులో ఐదు ఒలింపిక్ వలయాలు, వాటి కింద అదే బంగారంలో లావుపాటి అక్షరాలతో 'టోక్యో 1964'. అంతకుమించి గీత లేదు, నీడ లేదు. ఫుజి కొండ లేదు, చెర్రీ పూలు లేవు, కిమోనో కట్టిన అమ్మాయి లేదు. జపాన్ అనగానే పైవాళ్లు ఆశించే సరంజామా అంతా పక్కన పెట్టేసి, తన దేశం తలెత్తి చూడ్డానికి జంకుతున్న ఒకే ఒక్క గుర్తును తీసుకున్నాడు. అయిదు ఖండాల వలయాల మీద కూర్చున్నాక ఆ బింబం ఎవరినీ భయపెట్టదు, పొద్దుటి సూర్యుడిలా ఉంటుంది. వందల ఉపన్యాసాలు చేయలేని పని అది. ఆ జెండాకు చట్టం ముద్ర పడింది 1999లో. జనం మనసులో దానికి మళ్లీ చోటు దొరకడం ఈ పోస్టరుతోనే మొదలైందని నేను గట్టిగా నమ్ముతాను.

కమెకురా ఆ సూర్యుడితో ఆగలేదు. రెండో పోస్టరుకు ఫొటో వాడాడు. ఒలింపిక్ పోస్టరుకు ఫొటో ఎక్కడం అదే మొదలు. చలి రాత్రి నేషనల్ స్టేడియంలో చిమ్మచీకటి మధ్య పరుగు వీరులు, తుపాకీ మోత వినగానే బాణాల్లా లేచే క్షణం. ఒసాము హయసాకి ఫ్లాష్ దీపాలు పెట్టి తీశాడు. అందరి ముఖాలూ కాళ్లూ ఒకే ఫ్రేములో సరిగ్గా కుదరాలి కదా, అందుకని వాళ్లచేత మళ్లీ మళ్లీ పరుగెత్తించారు. ఆ పరుగెత్తినవాళ్లలో జపాన్ అథ్లెట్లతో పాటు తాచికావా స్థావరంలోని అమెరికా సైనికులూ ఉన్నారు. ఒకరితో ఒకరు యుద్ధం చేసి రెండు దశాబ్దాలైనా కాని దేశాలవాళ్లు, పక్కపక్కనే వంగి, ఒకే గీత దగ్గర నిలబడ్డారు. ఆ సంగతి తెలిశాక ఆ ఫొటో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ అక్టోబరు 10న స్టేడియంలో జ్యోతి వెలిగించిన యొషినోరి సకాయ్, బాంబు పడిన 1945 ఆగస్టు 6నే హిరోషిమా జిల్లాలో పుట్టిన కుర్రాడు. కమెకురా పోస్టరు చెప్పిన మాటనే ఆ అబ్బాయి మెట్లెక్కి చెప్పాడు.

నాలుగేళ్లకు మెక్సికో వంతు. లాన్స్ వైమన్ గీసిన గీతల వలలు అప్పటి ఆప్ ఆర్ట్ నుంచీ, అక్కడి వీచోల్ తెగ అల్లికల నుంచీ వచ్చాయి, చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆటలకు పది రోజుల ముందు త్లతెలోల్కో కూడలిలో సైనికులు విద్యార్థులపై కాల్పులు జరిపారు. ఊరంతా అంటించిన శాంతి పావురాన్నే తీసుకుని, బాయ్‌నెట్ గుచ్చినట్టు గీసి జనం జవాబిచ్చారు. 1972 మ్యూనిక్‌కు ఓట్ల్ ఐషర్ ఆకాశనీలం, లేత ఆకుపచ్చలను ఎంచుకున్నాడు. నాజీలకు ఇష్టమైన ఎరుపు, నలుపులను దగ్గరికి రానివ్వలేదు. నాజీలు తల నరికిన హన్స్, సోఫీ షోల్‌ల అక్క ఇంగె ఆయన భార్య. అంత జాగ్రత్తగా పరిచిన ఆ రంగుల మధ్యే పదకొండు మంది ఇజ్రాయెల్ జట్టు సభ్యులు ఉగ్రవాదుల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అక్కడి నుంచి వరుస చెదిరిపోతుంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు జంతర్ మంతర్ చిహ్నమైనా జనానికి గుర్తుండిపోయింది అప్పూ ఏనుగే. అప్పటికే బొమ్మల పని టీవీ చేతికి పోయింది. టోక్యోకు మళ్లీ ఆటలు వచ్చినప్పుడు మొదటి చిహ్నం మీద కాపీ కొట్టారన్న ఆరోపణ రావడంతో 2015లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. రండి రండి అని పిలిచిన పోస్టర్లు ఉండగానే, కరోనా వల్ల 2021లో ఆటలు దాదాపు ఖాళీ స్టేడియాల్లో జరిగాయి. 2024 పారిస్ కోసం ఊగో గట్టోనీ వేల మంది మనుషులతో నగరాన్నంతా చేత్తో గీశాడు. చూసినకొద్దీ ఏదో ఒకటి దొరికే బొమ్మ అది. దాని మీద రగడ మాత్రం, నగరంలోని ఆంవాలీద్ గోపురం మీది శిలువ బొమ్మలో ఏమైందని!

2028 లాస్ ఏంజెలస్ చిహ్నంలో ఒక అక్షరానికి ఒక రూపమంటూ లేదు. ఆటగాళ్లు, కళాకారులు ఎవరి కథకు తగ్గట్టు వాళ్లు దాన్ని గీశారు. ఎవరి అక్షరం వాళ్లదే అన్న ఆ ఆలోచన మంచిదే, అమెరికాకు తగినదే. నేను మాత్రం ఇప్పటికీ కమెకురా వైపే ఉంటాను.