పీలమేడు: మిల్లుల నడుమ పుట్టిన సలహా వృత్తి

ఒక వ్యాపార సంస్థకు బయటినుంచి వచ్చి, దాని యంత్రాలనూ, లెక్కలనూ, పని నడిచే తీరునూ పరిశీలించి, రుసుము తీసుకొని సలహా చెప్పే నిపుణుణ్ణి నేడు కన్సల్టెంట్ అంటున్నారు. ఈ వృత్తి చరిత్రను సాధారణంగా ఫ్రెడరిక్ టేలర్ వంటి అమెరికన్ ఇంజనీర్లతో మొదలుపెట్టడం ఆనవాయితీ. కోయంబత్తూరు తూర్పు భాగాన అవినాశి రోడ్డును ఆనుకొని పెరిగిన పీలమేడులో ఈ వృత్తి వేరే దారిన వచ్చింది. ఇక్కడ సలహా చెప్పేవాడు దూరం నుంచి దిగలేదు. పత్తి చేను, దిగుడు బావి, పోతపని కొలిమి, నూలు మిల్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నచోట, వాటి అవసరాల్లోంచే తయారయ్యాడు.

విజయనగర, మదురై నాయక రాజుల కాలం నుంచి కోయంబత్తూరు చుట్టుపక్కల సీమ అయిన కొంగునాడుకు వలస వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కమ్మవారు ప్రధానంగా వ్యవసాయదారులు. ఈ సీమ నల్లరేగడి పత్తికి అనువైనదే కానీ, పడమటి కనుమల చాటున ఉండడంవల్ల వాన తక్కువ. అందుచేత సేద్యమంతా బావుల మీదే నడిచింది. ఎద్దులు కపిల లాగితే తోలు బాన నీటిని పైకి తెచ్చేది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో వచ్చిన కంబోడియా పత్తి, అంటే పొడవైన పోగు గల కొత్త రకం, బావినీటి కింద బాగా పండడంతో రైతు చేతిలో కొంత సొమ్ము నిలిచింది. ఆ సొమ్ము జిన్నింగ్ యంత్రాలకూ, తరువాత మిల్లులకూ మళ్లింది. 1888లో రాబర్ట్ స్టేన్స్ స్థాపించిన మిల్లుతో కోయంబత్తూరు నూలు పరిశ్రమ మొదలు కాగా, 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్‌ను ప్రారంభించారు. 1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చాక మిల్లులు వేగంగా పెరిగాయి. మరుసటి ఏడే దక్షిణ భారత మిల్లుల సంఘం ఏర్పడింది.

మిల్లు పెట్టడానికి డబ్బు ఉంటే చాలు. దాన్ని నడపడానికి ఫిట్టర్లు, అచ్చులు పోసేవారు, లెక్కలు తెలిసిన మేస్త్రీలు కావాలి. ఈ కొరతకు పీలమేడు ఇచ్చిన సమాధానం 1926 నాటిది. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు నలుగురు కుమారులు కుటుంబ ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదో భాగాన్ని ధర్మానికి కేటాయించి, 2,01,000 రూపాయల మూలధనంతో పీఎస్‌జీ అండ్ సన్స్ ఛారిటీస్ నెలకొల్పారు. ధర్మమంటే సత్రం, గుడి, చలివేంద్రం అనుకునే కాలంలో ఆ నిధితో అదే ఏడు పారిశ్రామిక శిక్షణ సంస్థను తెరవడం గమనించదగిన విషయం. అక్కడి విద్యార్థి తరగతి గదిలో నేర్చినది అదే ఆవరణలోని కర్మాగారంలో లేతు మీద పెట్టి చూసుకునేవాడు. తయారైన పంపులు, మోటార్లు, యంత్రాలు అమ్మకానికే పోయేవి. కొన్నవాడు లోపం చెబుతాడు, ఆ లోపం పాఠంలోకి తిరిగివస్తుంది. సలహా వృత్తికి నిజమైన బడి ఇదే అనవచ్చు. 1939లో పాలిటెక్నిక్, 1951లో ఇంజనీరింగ్ కళాశాల ఈ ఏర్పాటు మీదే నిలిచాయి. ఆ కళాశాల తొలి ప్రిన్సిపాల్ జి.ఆర్. దామోదరన్ విజ్ఞానశాస్త్ర మాసపత్రిక ‘కలైక్కదిర్’ను నడిపింది తమిళంలో. ఇంట తెలుగు మాట్లాడుతూ, లిపిగా తమిళాన్ని వాడుతూ, సాంకేతిక విద్యను ఇంగ్లీషులో చదివే ఈ సమాజంలో జనానికి చేరవలసిన జ్ఞానం ఊరి భాషలోనే వెలువడింది. తెలుగు పాఠకుడికి ఇది కొంత వెలితిగా తోచినా, తప్పుపట్టవలసినది కాదు.

ఇదే కాలంలో సంస్థలతో నిమిత్తం లేకుండా సలహా చెప్పినవారిలో జి.డి. నాయుడు (1893–1974) ముఖ్యుడు. 1920లో బస్సు రవాణాతో వ్యాపారం ఆరంభించి, 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి స్వదేశీ విద్యుత్ మోటారును రూపొందించిన ఆయన, ఇంజనీరింగ్ చదువుకు నాలుగేళ్లు వృథా అనీ, సగం కాలంలోనే నేర్పవచ్చనీ వాదించి, ప్రభుత్వం ఒప్పుకోకపోతే పక్కకు తప్పుకున్నారు. ఆ వాదనలో అతిశయోక్తి లేకపోలేదు. అయినా పట్టా కన్నా పనికి విలువనిచ్చే ఈ ఊరి స్వభావం అందులో కనిపిస్తుంది.

సలహాను ఒక వ్యక్తి చాతుర్యం నుంచి ఉమ్మడి వ్యవస్థగా మార్చినది 1956లో మిల్లుల చందాలతో, కేంద్ర ప్రభుత్వ తోడ్పాటుతో ఏర్పడి పీలమేడులో నెలకొన్న దక్షిణ భారత జౌళి పరిశోధన సంఘం, అంటే సిట్రా. అహ్మదాబాదు, బొంబాయి సంఘాల తరువాత దేశంలో ఇది మూడోది. దీని ప్రత్యేకత ప్రయోగశాల కన్నా మిల్లుల మధ్య జరిపే తులనాత్మక సర్వేలో ఉంది. నూలు సన్నదనాన్ని ‘కౌంటు’ అంటారు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే కౌంటు, కాబట్టి 40 కౌంటు నూలు 20 కౌంటు నూలుకన్నా సన్ననిది. సన్నని నూలు తీసే మిల్లునూ ముతక నూలు తీసే మిల్లునూ నేరుగా పోల్చితే అన్యాయం. అందుకే నూరు కిలోల నూలుకు పట్టిన పనిగంటలను లెక్కించి, వాటిని ఒకే కౌంటుకు సరిచేసి పోల్చే పద్ధతి వచ్చింది. మార్కెట్లో ఒకరినొకరు తరుముకొనే యజమానులు తమ లోపలి అంకెలను మూడో చేతికి అప్పగించడం చిన్న సంగతి కాదు. వారి మధ్య చుట్టరికాల వల్ల కుదిరిన నమ్మకం ఇందుకు కొంత ఊతమిచ్చి ఉండాలి. ఎవరి అంకెలు ఎవరివో బయటపడకుండా నివేదిక ఇవ్వడం మరింత ఊతమిచ్చింది. పత్తి ఎక్కడ దుబారా అవుతున్నదో, దారం ఎందుకు తెగుతున్నదో మేనేజరు తన ఊహతో కాక, పక్క మిల్లు సాధించిన అంకెతో తెలుసుకోగలిగాడు.

ఈ కొలతకు మరో ముఖం ఉంది. పనిగంటలు తగ్గాయంటే ఒక్కో కార్మికుడు చూసుకొనే కదుళ్లు పెరిగాయన్న అర్థం కూడా వస్తుంది. మిల్లు తగాదాల నేపథ్యంలో 1946 జనవరి 8న చిన్నియంపాళయం కార్మికులు నలుగురికి ఉరిశిక్ష అమలైన ప్రాంతమిది. ఇక్కడ పని కొలవడమన్నది ఎన్నడూ కేవలం సాంకేతిక వ్యవహారం కాలేదు. సలహా రుసుము చెల్లించినది యజమాని కాబట్టి, సలహాలోని ప్రశ్న కూడా చాలావరకు యజమానిదే అయింది.

మిల్లు గేటు దాటి ఇళ్లలోకి వచ్చిన మార్పు వేరు. పోతపని, మోటారు, రాతిపని కలిసి 1950లలో కోయంబత్తూరులో వెట్ గ్రైండర్ పుట్టింది. తిరిగే రాతితొట్టిలో రుబ్బురాళ్లతో పిండి నలిపే ఈ యంత్రం ముందుగా హోటళ్లకూ, ఆ తరువాత ఇళ్లకూ చేరి, ఇడ్లీపిండి కోసం రోటి ముందు ఆడవాళ్లు గడిపే గంటలను తగ్గించింది. ఆ గంటల లెక్క ఏ సర్వేలోనూ చేరలేదు.

పొలంలో కపిల స్థానంలోకి సెంట్రిఫ్యూగల్ పంపు, అంటే తిరిగే చక్రం బలంతో నీటిని తోసే యంత్రం వచ్చింది. ఆ పంపు పైకి పీల్చగలిగే లోతు ఆచరణలో ఏడెనిమిది మీటర్లకు మించదు కనుక, నీరు దిగినకొద్దీ రైతు మోటారును బావిలోపలి గట్టుమీదికి దించుతూ పోయాడు. గట్లు చాలని చోట బోరు వేసి, నీటిలోనే మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ పంపుకు మారాడు. ప్రతి దశలోనూ ఊరి కర్మాగారాలు మరింత లోతుకు దిగే యంత్రాన్ని చేసి ఇచ్చాయి. మిల్లు మిల్లుకూ అంకెలు పోల్చిన ఊరిలో బావి బావికీ నీటిమట్టాలు పోల్చి చూసే అటువంటి ఉమ్మడి కట్టుబాటు ఏర్పడలేదు. ఒక్కో రైతు ఒక్కో పంపు గురించి సలహా అడిగి, తన బావిని తానే లోతు చేయించుకున్నాడు.