బొంత

బొంత అనగా పాత నూలు బట్టలను పొరలు పొరలుగా పరచి, సూది దారములతో చేతికుట్టు వేసి ఇంటిలోనే తయారుచేసుకొనే పక్క. దీనిని కింద పరచుకోవచ్చు, పైన కప్పుకోవచ్చు. విజయవాడ పరిసరాలలోను, కృష్ణా డెల్టా గ్రామాలలోను బొంతలు కుట్టడం ప్రధానంగా స్త్రీల పని. దీనికి మగ్గం గాని, చట్రం గాని, కుట్టుమిషను గాని అవసరం లేదు. అరిగి మెత్తబడిన నూలు చీరలు మాత్రం తప్పనిసరి.

పదప్రయోగాలు

బొంతకు సంస్కృతంలో సమానార్థకం కంథ. పూర్వం సన్యాసులు, భిక్షువులు అతుకులు వేసిన కంథను ధరించేవారు. తెలుగులో ఒకరికొకరు సరిపోయిన జంటను "గంతకు తగ్గ బొంత" అంటారు. పొత్తు కుదరని పక్షాలు కలిసి ఏర్పరచిన ప్రభుత్వాన్ని పత్రికలు "అతుకుల బొంత" అని ఎద్దేవా చేస్తాయి. నిజానికి కుట్టు సరిగా పడిన బొంత అంత తేలికగా విడిపోదు. బొంతకాకి, బొంత అరటి వంటి పేర్లలో కూడా ఈ పదం వినిపిస్తుంది.

పరుపుకు, బొంతకు తేడా

పరుపులో ఏకిన దూది కూరుతారు. అది దూదేకులవారి వృత్తి. బొంతలో దూది ఉండదు, బట్టే దానికి మందం. పొరల మధ్య నిలిచే గాలి వల్ల వెచ్చదనం కలుగుతుంది. డెల్టాలో చలి స్వల్పం, ఉక్క ఎక్కువ. చెమటను పీల్చుకొని, ఉతికితే త్వరగా ఆరే పలుచని బొంత ఈ వాతావరణానికి అనువైనది.

కావలసిన వస్తువులు

సాధారణమైన చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, వెడల్పు 1.15 మీటర్లు. దానిని మూడు మడతలు వేస్తే సుమారు ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కొంచెం తక్కువ వెడల్పు వస్తుంది. ఇది ఒక మనిషి పడుకోవడానికి సరిపోయే కొలత. ఆ విధంగా రెండు చీరలతో ఆరు పొరల బొంత తయారవుతుంది. చిరుగులున్న బట్టను లోపలి పొరలలోను, గట్టిగా ఉన్న బట్టను పైన, కింద ఉంచుతారు. చిరిగినచోట ముందుగా మాసిక వేస్తారు.

సూది సన్నగా, పొడవుగా ఉండాలి. దబ్బనం గోనెసంచులకే తగినది. పాత బట్టపై వాడితే అది చేసిన రంధ్రం దగ్గరే చిరుగు మొదలవుతుంది. దారం నూలుదై ఉండడం మంచిది. బట్టకంటె బలమైన నైలాను దారం కాలక్రమంలో మెత్తని బట్టను కోసివేస్తుంది.

కుట్టే విధానం

# చీరలను వేడినీటిలో నానబెట్టి గంజి పూర్తిగా పోయేటట్లు ఉతికి ఎండలో ఆరవేయాలి. గంజి మిగిలితే సూది సులువుగా దిగదు, పురుగులు కూడా చేరతాయి.
# శుభ్రమైన గచ్చుపై ఒక్కొక్క పొరను ముడతలు లేకుండా పరచాలి.
# మధ్య నుంచి అంచులవైపు పెద్ద పెద్ద టాకాలు వేయాలి. ముడతలు అంచులకు జరిగిపోతాయి.
# అంచులను లోపలికి మడిచి కుట్టాలి.
# సూదిని పైకి, కిందికి పోనిస్తూ వరుసలుగా సాదా కుట్టు వేయాలి. వరుసల మధ్య బొటనవేలి వెడల్పు ఎడం ఉంటే చాలు. వరుసలు మరీ దూరమైతే పొరలు జారతాయి, మరీ దగ్గరైతే బొంత బిరుసెక్కుతుంది.
# చివరికి టాకాలు తీసివేయాలి.

చట్రం అవసరమా?

దూది లేదా పాలిస్టరు పొర పెట్టి కుట్టే మందపాటి పనికి గుండ్రని చట్రం ఉపయోగపడుతుంది. అది పొరలను కదలకుండా పట్టి ఉంచుతుంది. అయితే బట్టను డోలువలె బిగించకూడదు, సూది వంగి లేవడానికి కొంత వదులుండాలి. పని ఆపినప్పుడు చట్రాన్ని తీసివేయకపోతే బట్టపై దాని గుర్తు పడుతుంది.

పాత చీరల బొంతకు చట్రం మేలు కంటె కీడే చేయవచ్చు. నలిగిన నూలు ఆ బిగింపుకు చిరుగుతుంది. నేలపై పరచి కుట్టేటప్పుడు బొంత బరువే దానిని నిలుపుతుంది. ఎడమచేయి పొరలను సూదికి అందిస్తుంది. ఒకేసారి మూడు నాలుగు కుట్లు సూదిపైకి ఎక్కించి దారం లాగవచ్చు.

ఇతర ప్రాంతాలలో

బెంగాలులో కాంథా, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది ఇటువంటివే. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు చట్రం లేకుండా అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ గ్రామంలోని నల్లజాతి స్త్రీలు పాత పనిదుస్తులతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్, న్యూయార్కు మ్యూజియములలో ప్రదర్శించారు.

మచిలీపట్నం సంబంధం

కృష్ణా డెల్టా నుంచి పక్కబట్టలు ఒకప్పుడు విదేశాలకు వెళ్ళాయి. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం ఏర్పరచారు. కోరమాండల్ తీరపు కలంకారీ, అద్దకపు బట్టలు ఐరోపాలో పక్కలకు, బొంతలకు పైబట్టగా వాడుకలోకి వచ్చాయి. ఆ పోటీకి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను వీటి దిగుమతిని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమాండల్ పక్కబట్టలు నేటికీ భద్రంగా ఉన్నాయి. ఇంటి బొంతకు ఆ అవకాశం తక్కువ. అది అరిగేవరకు వాడుకలో ఉండి, తరువాత ముక్కలై మసిగుడ్డగా ముగుస్తుంది.

ప్రస్తుత స్థితి

పాలిస్టరు చీరల వాడకం పెరగడంతో బొంతకు ముడిసరుకు తగ్గింది. ఆ బట్ట చెమట పీల్చదు, పొరలు ఒకదానిపై ఒకటి జారిపోతాయి. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే వ్యాపారుల వల్ల మిగిలిన చీరలు కూడా ఇల్లు దాటిపోతాయి. స్పాంజి పరుపులు, మిల్లు దుప్పట్లు వచ్చాక పెద్ద బొంతల అవసరం తగ్గింది. అయినా పసిపిల్లల కింద వేసే చిన్న బొంతలను అమ్మమ్మలు, నాయనమ్మలు ఇప్పటికీ కుడుతున్నారు. కొత్తగా నేర్చుకొనేవారు కూడా వీటితోనే ప్రారంభించడం మంచిది. ఒక పాత నూలు చీర, ఒక సూది, ఒక దారపు ఉండ దానికి చాలు.