ఇసుకదారిలో టైరు గాలి: తీయడం సగం పని, నింపడం మిగతా సగం

టైరులో గాలి గట్టిగా ఉంటే బండి తేలికగా సాగుతుందన్నది తారురోడ్డు నేర్పిన పాఠం. అదే బండి ఏటి ఇసుకలో దిగిన క్షణాన ఆ పాఠం తలకిందులవుతుంది. గట్టిగా ఉన్న చక్రం ఇసుకను కోసుకుంటూ లోనికి దిగబడుతుంది. కొంత గాలి తీసిన చక్రం అదే ఇసుకపై పరచుకొని ముందుకు పోతుంది. ఈ గాలిని తక్కువ సమయంలో, అన్ని చక్రాలకూ సమానంగా, కోరిన కొలతకు తీయడానికి పనికివచ్చే చిన్న సాధనమే టైర్ డిఫ్లేటర్.

చేతిలో ఇమిడిపోయే ఈ పరికరం చేసే పని స్వల్పమే. దాని వెనుక ఉన్న సూత్రం, దాన్ని వాడిన తరువాత వహించవలసిన జాగ్రత్త మాత్రం స్వల్పమైనవి కావు. తీసిన గాలిని తిరిగి నింపకుండా రోడ్డెక్కితే, ఇసుకలో బండిని గట్టెక్కించిన ఉపాయమే రోడ్డుపై ప్రాణాల మీదికి తెస్తుంది.

సూత్రం ఏమిటి?

పాతకాలపు కర్రచక్రాల ఎడ్లబండిని, తరువాత వచ్చిన టైరు బండిని ఏట్లో నడిపిన రైతుకు ఈ సూత్రాన్ని వేరుగా వివరించనక్కరలేదు. ఇనుపకమ్మీ వేసిన సన్నని చక్రం ఇసుకలో కూరుకుపోతుంది. టైరు బండి అంతే బరువుతో, అవే ఎడ్లతో, అంత శ్రమ లేకుండా దాటుతుంది. బరువు మారలేదు, ఆ బరువు నేలపై ఎంత జాగాలో పడుతున్నదన్నదే మారింది.

లెక్కలో చూస్తే మరింత స్పష్టమవుతుంది. గాలి పీడనాన్ని పెట్రోలు బంకుల్లో పీఎస్‌ఐలలో కొలుస్తారు. ఒక చదరపు అంగుళంపై ఎన్ని పౌండ్ల ఒత్తిడి ఉన్నదో చెప్పే కొలత అది. 1,600 కిలోల జీపులో ఒక్కో చక్రంపై సుమారు 400 కిలోలు, అంటే దాదాపు 880 పౌండ్ల బరువు పడుతుందనుకుందాం. టైరులో 35 పీఎస్‌ఐ గాలి ఉంటే నేలను తాకే జాగా ఉజ్జాయింపుగా 25 చదరపు అంగుళాలు. అదే 18 పీఎస్‌ఐకి తగ్గిస్తే ఆ జాగా 49 చదరపు అంగుళాలకు చేరుతుంది. టైరు రబ్బరు బిగువు కూడా కొంత బరువును మోస్తుంది కనుక ఈ అంకెలు కచ్చితమైనవి కావు. అయినా దాదాపు రెట్టింపవుతుందన్న సంగతి గ్రహించడానికి చాలు.

గాలి తీస్తే టైరు వెడల్పవుతుందని చాలామంది భావిస్తారు. వెడల్పు పెరిగేది కొద్దిగానే. నేలను తాకే భాగం ముఖ్యంగా పొడవు పెరుగుతుంది. ఇసుకపై పొడవైన అడుగు వేసిన చక్రం ముందున్న ఇసుకను నెట్టుకుంటూ పోకుండా దానిపైకి ఎక్కి నడుస్తుంది. అందుకే ఇంజనుపై భారం కూడా తగ్గుతుంది.

ఎడారి నేర్పిన విద్య

స్కాట్లాండుకు చెందిన జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు పొందాడు. ఆ టైరులో గాలిని నేలనుబట్టి మార్చుకోవచ్చన్న అనుభవం ఎడారి ప్రయాణాల్లో పదునెక్కింది. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు అధికారి అయిన రాల్ఫ్ బాగ్నాల్డ్ 1920ల చివర, 1930లలో సహచరులతో కలిసి ఫోర్డు కార్లలో లిబియా ఎడారిని గాలించాడు. మెత్తని ఇసుకలో టైరు గాలి తగ్గించడం, దిగబడిన చక్రాల కింద ఉక్కు రేకులు పరచడం వంటి మెళకువలకు ఆ ప్రయాణాల్లోనే ప్రచారం లభించింది. 1940లో ఆయన నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ మెళకువలతోనే ఎడారిలో వందల మైళ్లు తిరిగింది.

ఆ యుద్ధకాలంలోనే, 1942లో, అమెరికా సైన్యానికి డక్ అనే లారీ తయారైంది. నీటిలోనూ నేలపైనా నడిచే ఈ బండిలో డ్రైవరు తన సీటులో కూర్చుండగానే చక్రాల గాలిని తగ్గించి పెంచగలిగేవాడు. సముద్రం నుంచి మెత్తని ఇసుక మీదికి, అక్కడి నుంచి గట్టి రోడ్డు మీదికి ఆగకుండా పోవడానికి ఆ ఏర్పాటు అవసరమైంది. గాలి తీయడం, నింపడం అనే రెండు పనులనూ ఒకే మీటకు జతచేయడంలోని వివేకం గమనించదగినది.

నేడు ఈ అలవాటు బాగా పాతుకుపోయిన దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. క్వీన్స్‌లాండ్ తీరాన సుమారు 120 కిలోమీటర్ల పొడవున ఉన్న గరి ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుకదీవి. 2023 వరకు దీని అధికారిక నామం ఫ్రేజర్ ఐలండ్. అక్కడ తూర్పు తీరపు ఇసుకే రహదారి. దానికి వేగపరిమితి, రోడ్డు నియమాలు కూడా ఉన్నాయి. అక్కడికి వెళ్లే బండ్లలో డిఫ్లేటరుతోపాటు గాలి కొట్టే కంప్రెసరు కూడా ఉండడం పరిపాటి.

డిఫ్లేటర్లు ఎన్ని రకాలు?

కార్లు, జీపులు, మోటారుసైకిళ్లు, ట్రాక్టర్ల టైర్లకు సాధారణంగా ష్రేడర్ వాల్వు ఉంటుంది. లోపల స్ప్రింగుతో బిగిసి ఉండే చిన్న పిన్ను ఈ వాల్వుకు ప్రాణం. ఆ పిన్నును నొక్కితే గాలి బయటకు వస్తుంది, వదిలితే ఆగుతుంది. డిఫ్లేటర్లన్నీ ఈ వాల్వును ఆధారం చేసుకున్నవే. మన ఊళ్లలోని మామూలు సైకిలు వాల్వు వేరు రకం కనుక దానికి ఇవి అమరవు.

పుల్లతోనో మేకుతోనో పిన్నును నొక్కి పట్టుకోవడం అన్నిటికన్నా పాత పద్ధతి. ఖర్చు లేదు. కానీ ఒక్కో చక్రం దగ్గర కొన్ని నిమిషాలు కూర్చోవాలి, ఎంత గాలి పోయిందో తెలియదు, నాలుగు చక్రాలూ సమానంగా రావు.

రెండవ రకం, చేతితో నడిపే శీఘ్ర డిఫ్లేటరు. దీన్ని వాల్వుపై బిగించి, వెనుకనున్న కాడను తిప్పితే లోపలి పిన్ను పూర్తిగా ఊడి పరికరంలోనే నిలుస్తుంది. అడ్డు తొలగడంతో గాలి వేగంగా వెలువడుతుంది. దీనికే గేజి అమర్చి ఉంటుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ సంస్థ అమ్మే ఈజీ డిఫ్లేటర్ ఈ కోవలోనిదే. గాలి పోతున్నప్పుడు గేజి చూపే అంకె నిజమైనది కాదు. ప్రవాహాన్ని ఆపి, ముల్లు నిలిచాక చూసిన అంకెనే నమ్మాలి.

మూడవ రకం, తనంతట తానే ఆగే డిఫ్లేటరు. లోపలి స్ప్రింగు బిగువును ముందుగా ఒక కొలతకు, ఉదాహరణకు 18 పీఎస్‌ఐకి, సరిచేసి ఉంచుతారు. నాలుగింటిని నాలుగు చక్రాలకు బిగిస్తే, గాలి ఆ కొలతకు దిగగానే స్ప్రింగు ద్వారాన్ని మూసివేస్తుంది. ఈలోగా డ్రైవరు దారి ఎలా ఉందో నడిచి చూసి రావచ్చు. అయితే లోపల ఇసుకరేణువు చిక్కితే ద్వారం సరిగా మూసుకోదు. కనుక చివరికి వేరే గేజితో సరిచూడడం తప్పనిసరి.

ఎంత తీయాలి? ఎలా తీయాలి?

అన్ని బండ్లకూ ఒకే అంకె చెప్పడం సాధ్యం కాదు. బండి బరువు, టైరు పరిమాణం, నేల తీరు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. జీపు తరగతి బండ్లకు మెత్తని ఇసుకలో 15 నుంచి 20 పీఎస్‌ఐ వరకు తగ్గించడం సాధారణ ఆచారం. కంకరదారిలో 25 ప్రాంతంలో ఉంచుతారు. బరువు ఎక్కువగా ఎక్కించిన బండికి అంత తగ్గించరాదు. 20తో మొదలుపెట్టి, బండి ఇంకా దిగబడుతుంటేనే మరికొంత తీయడం మంచిది.

గాలి తీయవలసిన సమయం ఇసుకలో దిగబడిన తరువాత కాదు, ఇసుకలో దిగకముందు. గట్టి నేలపై బండిని ఆపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రాలు చల్లబడ్డాక కొలవాలి. ఎండలో పరుగెత్తి వచ్చిన టైరులో గాలి వేడెక్కి ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గేజిలో ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ ఎక్కువ చూపడం సహజం. వాల్వు మూతలను జేబులో భద్రపరచాలి. విడి పిన్నులు రెండు మూడు బండిలో ఉంచుకోవాలి. ఇసుకలో జారిపడిన పిన్నును వెదకి పట్టడం కష్టం.

గాలి తీశాక బండి నడక మారుతుంది. గంటకు 30, 40 కిలోమీటర్లు దాటకూడదు. హఠాత్తుగా మలుపు తిప్పితే, ముఖ్యంగా 15 పీఎస్‌ఐ కంటే తగ్గినప్పుడు, టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. ట్యూబు ఉన్న పాత జీపు టైర్లకు మరో ప్రమాదం ఉంది. గాలి మరీ తగ్గితే టైరు రిమ్ముపై జారుతుంది. దానితోపాటు ట్యూబు కదిలి వాల్వు మొదలంట తెగుతుంది.

నింపకుంటే ఏమవుతుంది?

గాలి తక్కువైన టైరు తిరిగే ప్రతిసారీ దాని పక్కభాగం మడతపడి విచ్చుకుంటుంది. ఇసుకలో నెమ్మదిగా పోతున్నప్పుడు దీనివల్ల నష్టం లేదు. అదే టైరు రోడ్డుపై 80 కిలోమీటర్ల వేగం అందుకుంటే ఆ మడత నిమిషానికి వందలసార్లు పడుతుంది. రబ్బరు వేడెక్కి, లోపలి పొరలు విడివడి, చివరకు టైరు పేలిపోతుంది. పేలేవరకు డ్రైవరుకు ఏ సూచనా అందకపోవచ్చు.

ఈ అంశం 2000లో అమెరికాను కుదిపింది. ఆ ఏడాది ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కు పిలిపించింది. ఆ టైర్ల పొరలు ఊడి, ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లు పల్టీకొట్టిన ప్రమాదాల్లో 270 మందికి పైగా మరణించారు. తప్పు టైరుదా, బండిదా, ఆ బండికి సిఫారసు చేసిన 26 పీఎస్‌ఐ గాలిదా అన్న వాదం రెండు సంస్థల మధ్య సాగింది. ఆ ఉదంతం తరువాత వచ్చిన చట్టం ఫలితంగా, గాలి తగ్గితే డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు అమెరికాలోని కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది.

కనుక డిఫ్లేటరు కొనదలచినవారు ముందుగా నింపే సాధనాన్ని సమకూర్చుకోవాలి. 12 వోల్టుల కంప్రెసరు ఇందుకు అనువైనది. పెద్దవాటిని నేరుగా బ్యాటరీకి తగిలించి, ఇంజను నడుస్తుండగా వాడాలి. చిన్నవి త్వరగా వేడెక్కుతాయి కనుక చక్రానికీ చక్రానికీ మధ్య విరామం ఇవ్వాలి. అదీ లేకుంటే ఇసుక దాటగానే మొదటి పంక్చరు షాపు వరకు నెమ్మదిగా పోవడం ఒక్కటే మార్గం. ఆ షాపు ఎంత దూరంలో ఉందో తెలియకుండా గాలి తీయరాదు. గాలి నింపేటప్పుడే టైరు పక్కభాగంలో కోతలు, ఉబ్బులు ఉన్నాయేమో చూసుకోవాలి.

సరిహద్దు గ్రామాల్లో ఎక్కడ పనికివస్తుంది?

తుంగభద్ర, వంశధార, పెన్‌గంగ వంటి నదుల ఒడ్డున ఉన్న పల్లెల్లో వేసవి వచ్చిందంటే ఏటిదారులే దగ్గరిదారులు. అక్కడ జీపుకు ఈ సాధనం అక్కరకు వస్తుంది. ట్రాక్టరు విషయంలోనూ సూత్రం ఇదే. దుక్కిలో వెనుక చక్రాలకు ఒక కొలత, ట్రాలీ లాగేటప్పుడు అంతకన్నా ఎక్కువ కొలత ఉండాలని తయారీదారుల పుస్తకాలు చెబుతాయి. రెండు పనులకూ ఒకే గాలితో నడిపితే పొలంలో నేల గట్టిపడుతుంది, లేదా రోడ్డుపై టైరు అరుగుతుంది. వెనుక చక్రాల్లో బరువుకోసం నీరు నింపిన ట్రాక్టరైతే వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని నిలిపి గాలి తీయాలి. కింద ఉంటే గాలికి బదులు నీరు చిమ్ముతుంది.

నల్లరేగడి బురదలో మాత్రం ఈ ఉపాయం అంతగా పారదు. జిగట మట్టి టైరు గాళ్లను మూసివేసిన తరువాత ఎంత గాలి తీసినా చక్రానికి పట్టు దొరకదు. పదునైన రాళ్లదారిలో గాలి తగ్గిన టైరు పక్కభాగం ఉబ్బి రాయికి ఎదురుగా నిలుస్తుంది. కోసుకుపోయే ప్రమాదం ఎక్కువ.

సముద్రతీరం మరో సంగతి. ఒడిశాలోని గంజాం జిల్లా రుషికుల్య ముఖద్వారం వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో ఇసుకలో గుడ్లు పెడతాయి. గాలి తగ్గించిన టైరైనా ఆ గూళ్లను అణచివేస్తుంది. అటువంటి తీరాల్లో బండి దించకపోవడమే ధర్మం.

డిఫ్లేటరు వాడకంలో గుర్తుంచుకోవలసిన క్రమం ఇది: ఇసుకకు ముందు ఆగి గాలి తీయాలి, ఇసుకలో నిదానంగా పోవాలి, రోడ్డు ఎక్కేముందు మళ్లీ ఆగి పాత కొలతకు నింపాలి. గేజి, కంప్రెసరు, విడి పిన్నులు, గాలి నిండిన స్టెప్నీ ఈ నాలుగూ బండిలో ఉన్నప్పుడే ఐదవదిగా డిఫ్లేటరుకు చోటివ్వాలి.