సముద్ర ప్రమాదాల్లో డ్రోన్ గాలింపు

సముద్రంలోని చమురు, గ్యాస్ వేదికల మీద, బార్జీల్లో పనిచేసే సిబ్బంది ప్రమాదంలో చిక్కుకున్నప్పుడు వాళ్ల ఆచూకీ కోసం డ్రోన్లను పంపే పద్ధతి. వీలైనచోట తేలియాడే సాధనాలను కూడా వీటితో జారవిడుస్తారు. కాకినాడకు ఎదురుగా కృష్ణా-గోదావరి బేసిన్ ఉంది. అక్కడ 2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6 క్షేత్రం నుంచి గ్యాస్, 2024 జనవరిలో ఓఎన్‌జీసీ లోతు నీటి క్షేత్రం నుంచి తొలి చమురు వచ్చాయి. అందుకే ఇది తెలుగు తీరానికి దూరపు విషయం కాదు.

నేల మీది విపత్తుల్లో డ్రోన్ల వాడకం మనకు కొత్త కాదు. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదల్లో చిక్కుకున్నవారిని గుర్తించడానికి ‘నేత్ర’ డ్రోన్లను వాడారు. మరుసటి ఏడాది జూన్ 8న హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది హిమాచల్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఆ గాలింపులో ఈతగాళ్లు, సోనార్‌తో పాటు మానవరహిత విమానాన్నీ రంగంలోకి దించారు. కానీ బురద నీటి అడుగున ఉన్నది పైనున్న కెమెరాకు అందదు. మృతదేహాల కోసం తల్లిదండ్రులు వారాల తరబడి ఎదురుచూశారు.

సముద్రం మీద ఈ అవసరం ఎంతటిదో 2021 మే 17న తెలిసింది. తౌక్తే తుపానులో ముంబై తీరాన పీ-305 బార్జి మునిగింది. అందులో ఉన్న 261 మందిలో 186 మందిని కాపాడారు. లైఫ్ జాకెట్లతో రాత్రంతా అలల మీద తేలినవాళ్లను వెతికే భారం ప్రధానంగా ఐఎన్ఎస్ కొచ్చి, ఐఎన్ఎస్ కోల్‌కతా వంటి నౌకల మీద, హెలికాప్టర్ల మీద, పీ-8ఐ నిఘా విమానాల మీద పడింది. అలాంటి ఈదురుగాలిలో నాలుగు రెక్కల చిన్న డ్రోన్ నిలవదు. దాని బ్యాటరీ కూడా చాలావరకు అరగంటకు మించి రాదు. పైగా నీళ్లలో ఉన్న మనిషి తల, భుజాలే పైకి కనిపిస్తాయి. వేసవిలో బంగాళాఖాతం ఉపరితలం 30 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి థర్మల్ కెమెరాలో ఒంటి వేడికీ నీటి వేడికీ తేడా తగ్గిపోతుంది. చల్లటి ఉత్తర సముద్రంలో కుదిరిన పరికరాన్ని ఇక్కడ విడిగా పరీక్షించి తీరాలి.

గాలి అనుకూలించి, తీరం దగ్గరైతే కథ వేరు. 2018 జనవరి 18న ఆస్ట్రేలియాలోని లెనాక్స్ హెడ్ దగ్గర అలల్లో చిక్కిన ఇద్దరు కుర్రాళ్లకు డ్రోన్ గాలి నింపుకునే తేలుడు సాధనాన్ని జారవిడిచింది. వాళ్లు దాన్ని పట్టుకుని ఒడ్డు చేరారు.

దూర సముద్రానికి పెద్ద యంత్రమే కావాలి. 36 గంటలు ఎగరగల ‘దృష్టి-10’ డ్రోన్ హైదరాబాద్‌లో తయారై 2024 జనవరి 10న నౌకాదళానికి అందింది. నేల మీద మాత్రం చిన్న డ్రోన్లూ పనికొస్తాయి. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తిన విజయవాడలో, పడవలు చేరలేని ఇళ్లకు డ్రోన్లు ఆహార పొట్లాలు మోశాయి. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో ఎస్‌ఎల్‌బీసీ సాగునీటి సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు కూడా డ్రోన్లు పంపారు. అయితే బురద కింద ఉన్నవారి జాడ పట్టడంలో కేరళ పోలీసు జాగిలాలే ఎక్కువ తోడ్పడ్డాయి.

వేదికల సిబ్బంది విషయంలో లైఫ్ జాకెట్‌కు అమర్చే సంకేత పరికరం డ్రోన్ కంటే ముందు రావాలి. 406 మెగాహెర్ట్జ్‌పై అది పంపే పిలుపు ఉపగ్రహాల ద్వారా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. అప్పుడు డ్రోన్ సముద్రమంతా జల్లెడ పట్టనక్కర్లేదు, ఆ చోటికే వెళ్లి మనిషిని చూపిస్తుంది. ఎత్తుకొచ్చే పడవ మాత్రం వేదిక పక్కనే సిద్ధంగా ఉండాలి.