సెలవుల్లో సాగిన చదువు: ఎమిరేట్లలో కళాభ్యాసపు తొలి రోజులు

హత్తా దుబాయి ఎమిరేటుకు చెందినదే అయినా, నగరానికి నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో, హజర్ కొండల నడుమ ఉంది. 1983లో లండన్ కళాపాఠశాల నుంచి సెలవులకు వచ్చిన ఒక విద్యార్థి అక్కడి బీడునేలపై కొన్ని వింత పనులు చేశాడు. ఒకచోట ఎగిరాడు. ఒకచోట గొయ్యి తవ్వి అందులో నిలబడ్డాడు. మరొకచోట రాళ్ళు విసిరాడు. చేసిన పనిని ఫొటోలుగా, నాలుగు ముక్కల వివరణగా భద్రపరిచాడు. వేదిక లేదు, ప్రకటన లేదు. ఆ విద్యార్థి హసన్ షరీఫ్ (1951–2016). ఎమిరేట్ల సమకాలీన కళాచరిత్ర ఎవరు రాసినా ఆయన పేరుతోనే మొదలుపెడతారు.

1971 డిసెంబరు 2న సమాఖ్య ఏర్పడేనాటికి షరీఫ్ ‘అఖ్బార్ దుబాయి’ పత్రికకు వ్యంగ్యచిత్రాలు వేస్తున్న యువకుడు. చమురు డబ్బుతో రాత్రికి రాత్రి మారిపోతున్న ఊరే ఆయన వస్తువు. దేశపు మొదటి విశ్వవిద్యాలయం 1976లో అల్ ఐన్‌లో వచ్చింది గాని, చిత్రకారుడు కాదలచినవాడికి ఓనమాలు దిద్దించే చోటు మాత్రం దేశంలో లేదు. 1979లో ప్రభుత్వ ఉపకారవేతనంతో ఆయన ఇంగ్లండు వెళ్ళారు. లెమింగ్టన్‌లో ఫౌండేషన్ కోర్సు చదివి, తరువాత లండన్‌లోని బయామ్ షా పాఠశాలలో చేరారు.

ఈ ఫౌండేషన్ అన్నది కేవలం ప్రవేశ తరగతి కాదు. 1919లో వైమార్‌లోని బౌహౌస్‌లో యోహానెస్ ఇట్టెన్ మొదలుపెట్టిన ప్రాథమిక పాఠ్యక్రమం నుంచి వచ్చిన సంప్రదాయమిది. విద్యార్థి అంతకుముందు నేర్చినదాన్ని పక్కన పెట్టించి, గీత, రంగు, కాగితం, మట్టి అనేవాటిని మొదటిసారి చూస్తున్నట్లు చూడమంటుంది. పత్రికల్లో పదేళ్ళుగా చేయితిరిగినవాడికి ఇది తేలికైన పరీక్ష కాదు. బయామ్ షాలో టామ్ గైల్స్ శిక్షణలో ఆయనకు కెన్నెత్ మార్టిన్ పద్ధతి పరిచయమైంది. గళ్ళకాగితంపై బిందువులకు అంకెలు వేసి, చీటీలు తీసి, వచ్చిన అంకెల ప్రకారం గీతలు కలపడం అందులో కీలకం. నియమం మనిషిది, ఫలితం యాదృచ్ఛికం. షరీఫ్ దీన్ని కొంచెం పెడదారి పట్టించారు: నియమాన్ని తానే కల్పించి, కావాలనే తప్పులు దొర్లనిచ్చేవారు. హత్తాలో ఎగరడమూ తవ్వడమూ ఈ అభ్యాసానికి కొనసాగింపే. కాగితం స్థానంలో బీడునేల, పెన్సిలు స్థానంలో దేహం. లండన్ పాఠం ఇంటి నేలపై నిలుస్తుందా లేదా అన్నది అక్కడే తేలింది.

1984లో తిరిగి వచ్చారు. షార్జాలో 1980 నుంచి ఎమిరేట్స్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ పనిచేస్తున్నది. ప్రదర్శనలకు అది చాలు, పాఠాలకు చాలదు. అదే ఏట మిత్రులతో కలసి షార్జాలో అల్ మరైజా అటెలియే తెరిచారు. 1985లో అక్కడి సెంట్రల్ మార్కెట్లో ఒక్కరోజు ప్రదర్శన పెట్టారు. అంగడికి వచ్చినవారే ప్రేక్షకులు. 1987లో దుబాయి యువజన రంగస్థల సంస్థలో మరొక అటెలియే వెలసింది. చదువుకోవడానికి అరబీలో పుస్తకాలు లేకపోతే, పాశ్చాత్య కళోద్యమాల గురించిన రచనలను తానే అనువదించి పత్రికల్లో అచ్చువేయించారు. కళాశాల చేయవలసిన పనిని ఒక్క మనిషి నెత్తికెత్తుకోవడమిది. ఖోర్‌ఫక్కాన్ నుంచి వచ్చి 1986లో ఆయనను కలుసుకున్న మొహమ్మద్ అహ్మద్ ఇబ్రహీం, 2022 వెనిస్ బియెనాలెలో దేశానికి ప్రాతినిధ్యం వహించారు.

తెలుగు పాఠకులకు ఈ కథ రాజమహేంద్రవరాన్ని గుర్తుచేయకపోదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగి వచ్చి సొంత ఊళ్ళోనే చిత్రకళాశాల నెలకొల్పారు. బొంబాయిలో నిలబడిపోవడానికి ఆయనకు అడ్డేమీ లేదు. 1925లో, ఇరవై ఎనిమిదో ఏట కన్నుమూశారు. షరీఫ్‌కు ముప్ఫైకి పైగా ఏళ్ళు దక్కాయి. తేడా చాలావరకు అదే.

ఆ ఏళ్ళలో ఆయన కూర్చిన వస్తువులను గల్ఫ్ బజార్లు తెలిసినవారు ఇట్టే పోల్చుకుంటారు: రబ్బరు చెప్పులు, కొబ్బరిపీచు తాడు, అట్టలు, తీగ. ‘కార్డ్‌బోర్డ్ అండ్ కాయిర్’ 1999 నాటిది, ‘స్లిప్పర్స్ అండ్ వైర్’ 2009 నాటిది. వలసకూలీలు కొనే చవక సరుకే వీటికి ముడిపదార్థం. ఆ కుప్పల ముందు నిలబడ్డ తెలుగువారికి కళకన్నా ముందు అంగడి గుర్తుకు వస్తే అది ప్రేక్షకుని లోపం కాదు.

విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా వచ్చాయి. 1997లో మొదలైన అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జాలో వాస్తుశిల్పం, కళ, డిజైన్ విద్యార్థులందరికీ మొదటి సంవత్సరం పునాది పాఠాలు ఉమ్మడిగా ఉంటాయి. 2010లో అబూ ధాబీలో న్యూయార్క్ విశ్వవిద్యాలయం తరగతులు మొదలయ్యాయి. 2013 నుంచి సలామా బింత్ హమ్‌దాన్ ఫెలోషిప్ రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌తో కలసి యువకళాకారులకు శిక్షణ ఇస్తున్నది. ఇంజనీరింగో వాణిజ్యమో చదివేవారు వేసవిలో ఒక డ్రాయింగ్ కోర్సు తీసుకోవడం ఇప్పుడు వింత కాదు. బయట నలభై అయిదు డిగ్రీలు, లోపల ఏసీ గదిలో బొగ్గుముక్క, వారాల్లో ముగిసే పాఠం, చివర ఒక గ్రేడు. పాఠం పాతదే, అయితే విఫలం కావడానికి ఇందులో తీరిక తక్కువ. షరీఫ్ సెలవులకు గ్రేడు వేసేవారెవరూ లేరు.

ఆయన మరణానంతరం, 2017 నవంబరులో షార్జా ఆర్ట్ ఫౌండేషన్ ఆయన జీవితకాలపు కృషిని ప్రదర్శనకు పెట్టింది. సెంట్రల్ మార్కెట్లో ఆ ఒక్కరోజు ప్రదర్శన జరిగిందీ ఈ ఊళ్ళోనే.